లూగర్ గురి నిజమే, కానీ ఆ ట్రిగ్గర్‌తో వేగాలి

జర్మన్ సైన్యం వాడిన పాత పిస్టళ్లు లూగర్ పీ08ని, వాల్థర్ పీ38ని పక్కపక్కన పెట్టుకుని, ఒకే రోజు, ఒకే రకం తూటాలతో కాల్చి చూడాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను, అలాంటివి అద్దెకిచ్చే ఒక షూటింగ్ రేంజ్‌లో మొన్నటికి కుదిరింది. లూగర్ 1917 నాటిది. పీ38 మౌజర్ ఫ్యాక్టరీది, స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జరిగే ఉక్కు భాగం) మీద బీవైఎఫ్ 43 అని కొట్టి ఉంది, బీవైఎఫ్ మౌజర్ కోడ్, 43 అంటే 1943 తయారీ. రెండూ 9 మిల్లీమీటర్లవే, మ్యాగజైన్‌కి 8 తూటాలే. దూరం 25 మీటర్లు.

ముందు లూగర్ సంగతి. దాని పిడి బాగా ఏటవాలుగా ఉంటుంది కదా, ఆ వాలు ఎందుకో చేత్తో పట్టుకుంటే గానీ తెలియదు. కళ్లు మూసుకుని చెయ్యి చాపి, మళ్లీ కళ్లు తెరిస్తే సైట్లు (గురి చూసే ముందు మొన, వెనక గాడి) దాదాపు వరసలోనే కనిపించాయి, వేలు చాపి ఏదైనా చూపించినట్టే. ఇక కాల్చేటప్పుడు బ్యారెల్ పైకి కిందికి వంగదు, తిన్నగా వెనక్కి జరిగి, పిస్టల్ పైనున్న కీలు మోకాలు మడిచినట్టు పైకి లేచి, మళ్లీ తిన్నగా ముందుకొచ్చి కూర్చుంటుంది. ముందు సైట్ ఉండేది బ్యారెల్ మీదే. ప్రతిసారీ అదే చోటికి వస్తుంది కాబట్టే దీని గురికి అంత పేరు.

సంచి మీద చేతులు ఆన్చి కాల్చిన మొదటి 8లో 6 నా అరచెయ్యి మూసేసేంత చోట్లో పడ్డాయి. నూరేళ్లు దాటిన పిస్టల్! నాకు నోట మాట రాలేదు.

కానీ ట్రిగ్గర్... దీని గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. మనం వేలితో వెనక్కి లాగిన కదలికను, పక్క ప్లేటు కింద ఉన్న చిన్న ఎల్ ఆకారపు మీట పక్కకు తిప్పి, ఎడమవైపున్న పట్టీని నొక్కితే అప్పుడు ఫైరింగ్ పిన్ను (తూటా అడుగున కొట్టే పిన్ను) వదులుతుంది. ఇన్ని చేతులు మారి వచ్చేసరికి వేలి కింద కాస్త స్పాంజిలా ఉంటుంది, కాస్త గీసుకుంటూ వస్తుంది, ఎక్కడ వదులుతుందో ముందుగా పట్టుకోలేం. ఆ తప్పిపోయిన రెండు తూటాలూ ట్రిగ్గర్ దగ్గర నేను తొందరపడ్డవే, పిస్టల్‌ని అనడానికి లేదు. సైట్లు కూడా సన్నం, ముందు మొనదేలిన చిన్న త్రికోణం, వెనక వీ ఆకారపు గాడి. వెలుతురు తగ్గితే ఆ మొన ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే.

పీ38లో ఇందుకు పూర్తిగా తిరగేసిన కథ. సైట్లు తేలిగ్గా కనబడతాయి, హ్యామర్ (వెనకనున్న చిన్న సుత్తి) ముందే వెనక్కి లాగి పెట్టుకుంటే ట్రిగ్గర్ హాయిగా వదులుతుంది. దీని బ్యారెల్ కూడా వంగదు, తిన్నగానే వెనక్కి వెళ్తుంది, కింద ఉన్న లాకింగ్ ముక్క దిగిపోయాక స్లైడ్ ఒక్కటే ఇంకా వెనక్కి పోతుంది. అయితే ముందు సైట్ బ్యారెల్ మీద, వెనక సైట్ స్లైడ్ మీద. ఈ రెండింటి మధ్య అరుగుదల వల్ల కొంచెం వదులొచ్చినా గురి మీద పడుతుంది, నేను కాల్చినదాంట్లో స్లైడ్ వేళ్లతో కదిపితే కదిలింది కూడా. గ్రూప్ (తూటాలు పడ్డ చోటు వెడల్పు) లూగర్‌ కంటే పెద్దది, రెండు అరచేతులంత. హ్యామర్ లాగకుండా డబుల్ యాక్షన్‌లో, అంటే ట్రిగ్గర్‌తోనే హ్యామర్‌ని కూడా లాగిస్తూ, మొదటి తూటా కాలిస్తే మాత్రం ప్రతిసారీ కిందికే పోయింది, ఆ లాగుడు అంత బరువు. దీని ఖాళీ తొడుగులు ఎడమవైపుకి ఎగురుతాయి, తెలియక ఎడమ పక్కన నిలబడినవాళ్లు చూసుకోవాలి. లూగర్‌వి నెత్తి మీదికి లేస్తాయి, టోపీ పెట్టుకోండి.

మౌజర్ సీ96 అనే ఇంకో పాత జర్మన్ పిస్టల్‌తో కూడా ఒక 10 కాల్చాను. దాని వెనక సైట్ మీద 1000 మీటర్ల దాకా అంకెలున్నాయి గానీ, భుజానికి ఆన్చే కట్టె స్టాక్ లేకుండా చీపురు కర్ర లాంటి ఆ గుండ్రటి పిడితో 25 మీటర్లకే నా చెయ్యి నిలవలేదు. చూడ్డానికి గొప్ప వస్తువు, ఒట్టి చేత్తో గురికి కాదు.

ఇంకొక్క విషయం. ఇంతకు ముందు వేరే చోట లూగర్ కాల్చినప్పుడు మూడో తూటాకే ఇరుక్కుపోయింది, అప్పట్లో పిస్టల్‌నే తిట్టుకున్నాను. తర్వాత తెలిసింది, అక్కడ ఇచ్చినవి తక్కువ మందు పోసిన రీలోడ్ తూటాలు (ఖాళీ తొడుగుల్లో మళ్లీ నింపినవి). కీలు పూర్తిగా వెనక్కి మడవాలంటే దానికి తగ్గ ఊపు ఉండాలి, పైగా మ్యాగజైన్ స్ప్రింగ్ పాతదైతే తూటా సమయానికి పైకి రాదు. ఈసారి కొత్త మ్యాగజైన్, మామూలు ఫ్యాక్టరీ తూటాలు, ఒక్కసారి కూడా ఆగలేదు. కాబట్టి ఎవరైనా "లూగర్ గురి బాగుండదు" అంటే, ముందు బ్యారెల్ లోపల చూడమనండి. ఆ కాలపు తూటాల ప్రైమర్ (మందును అంటించే చిన్న భాగం) నుంచి ఉప్పు మిగిలి తుప్పు పట్టించేది, సరిగ్గా కడగని బ్యారెళ్లు లోపల గుంటలు పడిపోయాయి. నేను కాల్చిన లూగర్ బ్యారెల్ లోపలి గాడులు దీపం పెట్టి చూస్తే మెరుస్తున్నాయి, అదే పీ38లో కాస్త మసకగా ఉన్నాయి. నా గ్రూపుల్లో తేడాకి మోడల్ ఎంత కారణమో ఇదీ అంతే కారణం అనుకుంటున్నాను.

ఒక్కటే కాల్చే వీలుంటే లూగరే తీసుకోండి, కనీసం రెండు మ్యాగజైన్లు ట్రిగ్గర్ అలవాటుకే వదిలేయండి, లెక్క మూడోదాని నుంచి పెట్టుకోండి. నాకు మూడోదాంట్లో 8కి 8 పడ్డాయి, ఆ కాగితం మడిచి ఇంటికి తెచ్చుకున్నాను.