ఉక్కలో బాస్ గిటార్: కాకినాడ నుంచి పాలకొల్లు దాకా

కాకినాడ నుంచి పాలకొల్లుకి బస్సెక్కితే ఒక పూట ప్రయాణం. నేను మాత్రం ఊళ్లు పట్టుకుని చుట్టూ తిరిగి వెళ్లాను, వీపున ఫ్రెట్లు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు) లేని బాస్ గిటార్, అంటే మంద్ర స్వరాల గిటార్, తగిలించుకుని. కారణం జాకో పాస్టోరియస్. బాస్ వాయించేవాళ్లకి ఆయన గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకి రెండు ముక్కలు: అమెరికన్ బాస్ వాద్యకారుడు, ఫ్లోరిడాలో సముద్రం పక్కన పెరిగిన మనిషి. నిలబెట్టి వాయించే పెద్ద బాస్ కొనుక్కుంటే అక్కడి తడిగాలికి చెక్క పగిలిపోయింది. ఇక దాని జోలికి పోకుండా, ఫ్రెట్లు తీసేసిన 1962 నాటి ఫెండర్ జాజ్ బాస్ అనే ఎలక్ట్రిక్ బాస్ గిటార్ పట్టుకున్నాడు. ఫ్రెట్ల గాళ్లలో పుట్టీ నింపి, పైన పడవలకి పూసే ఎపాక్సీ (ఆరాక రాయిలా గట్టిపడే పూత) వేశాడు. రౌండ్‌వౌండ్ తీగలు (పైన గుండ్రటి సన్న తీగ చుట్టినవి) గరుకుగా ఉండి చెక్కని తినేస్తాయి కాబట్టి ఆ పూత. తీరా అదే ఆయన నాదమైంది. గట్టి పూత మీద తీగ ఆనడం, కుడిచేయి బ్రిడ్జి (తీగలు ఆనే చివర) దగ్గరి పికప్ (తీగ కదలికని కరెంటుగా మార్చేది) మీద ఉండటం, రెండూ కలిసి 1976లో వచ్చిన తొలి ఆల్బమ్‌లో ఎవరో పాడుతున్నట్టే ఉంటుంది.

ఉక్కకి మనకేం తక్కువ? గోదావరి డెల్టా గాలిలో వాద్యం ఎలా ఉంటుందో, ఇక్కడి వాద్యకారులు పుట్టిన ఊళ్లు ఎలా ఉన్నాయో చూద్దామని బయల్దేరాను.

కాకినాడ వీణ చిట్టిబాబు పుట్టిన ఊరు, 1936లో. అక్కడ భోజనానికి వంక పెట్టలేం, సుబ్బయ్య హోటల్లో వద్దన్నా వడ్డిస్తూనే ఉంటారు. బస సంగతే చెప్పాలి. స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగాను. దుప్పట్లు శుభ్రం, ఏసీ చల్లన. ప్లగ్గులో మాత్రం ఎర్తింగ్ లేదు. చిన్న ఆంప్ (బాస్ శబ్దం పెంచే పెట్టె) పెట్టగానే గుయ్యిమని మోత, తీగ మీద చేయి వేస్తే కాస్త తగ్గేది. రిసెప్షన్ కుర్రాడికి చెబితే, "ఫోన్ ఛార్జింగ్ అవుతుంది కదండీ" అన్నాడు. వాద్యంతో ప్రయాణించేవాళ్లు టీవీ, గీజర్ సంగతి తర్వాత అడగండి, ముందు ఎర్తింగ్ అడగండి.

యానాం దారిలో తాళ్లరేవు దగ్గర ఆగాను. పడవలు కట్టే చోటు. అసలు ఈ ప్రయాణంలో నాకు దక్కిందంతా అక్కడే. ఒక పెద్దాయన పడవ అడుగున పూత చూసుకుంటున్నాడు. బాస్ బయటికి తీసి చూపించాను. గోరుతో మెడ మీద రెండుసార్లు కొట్టి, వెలుగుకి అడ్డంగా పట్టుకుని ఒక కన్ను మూసి చూశాడు.

"ఇది మా పడవలకేసే మందేనాండీ?"

"అలాంటిదేనండీ."

"ఆయ్. వానగాలిలో వేశారండీ ఇది. ఇక్కడ చూడండి, తెల్లగా పాలిపోయింది. ఎండ కాసే రోజు చూసుకుని వెయ్యాలండి."

పన్నెండో ఫ్రెట్ ఉండాల్సిన చోట నిజంగానే మసకగా ఒక మచ్చ. హైదరాబాద్‌లో ఈ పూత వేయించింది జూలైలో. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు గాలిలో తేమ ఎక్కువైతే పైన తెల్లటి పొర కడుతుంది. ఇన్నేళ్లూ దాన్ని వేలి అరుగుదల అనుకునేవాణ్ని. టీ తాగుదాం రమ్మంటే, పని ఆగిపోద్దని ఆయన రాలేదు.

కోరింగ మడ అడవుల్లో చెక్క బాట బాగుంది. వీపున బరువుతో మాత్రం వెళ్లకండి. యానాంలో ఆగలేదు.

ద్రాక్షారామం వేరే కథ. భీమేశ్వరుణ్ణి చూడటానికి వచ్చేవాళ్లలో చాలామందికి వీణ విద్వాంసుడు ఈమని శంకరశాస్త్రి 1922లో ఇక్కడే పుట్టారని తెలియదు. చిట్టిబాబుకి గురువు ఆయనే. మధ్యాహ్నం గుడి మూస్తారు, పొద్దున్నే వెళ్లండి. రెండంతస్తుల ఎత్తున్న లింగాన్ని మేడ మీద నుంచి కూడా చూడాలి. గుడి ఎదుట అరుగు మీద కూర్చుని ఫోన్‌లో శాస్త్రిగారి ఆలాపన విన్నాను. వీణకి పనస చెక్క మీద మైనంలో కూర్చిన ఇరవై నాలుగు మెట్లు, ఎండకి ఆ మైనం మెత్తబడితే మళ్లీ మేళం కట్టించుకోవాలి, అంటే మెట్లు సరిగ్గా కూర్పించుకోవాలి. అంత బాధా పడి నిలబెట్టిన మెట్టు మీద ఆగకుండా, తీగని పక్కకి లాగి రెండు స్వరాల మధ్య తిరుగుతారు. జాకో ఫ్రెట్లే వద్దనుకుని చేసిన పని అది. నా ఓటు వీణకే. మెట్టు ఉండగా దాన్ని మరిపించడం కష్టం.

కోటిపల్లి రేవులో పంటు (బైకుల్ని కూడా దాటించే పెద్ద పడవ) ఎక్కి గోదావరి దాటి ముక్తేశ్వరం చేరాను. వరద రోజుల్లో ఆపేస్తారు, ముందే కనుక్కోండి. బైకుల మధ్య బాస్ సంచీ చూసి సరంగు ఇంజన్‌కి దూరంగా చోటిచ్చాడు.

డిండిలో నది ఒడ్డున రిసార్ట్ కాస్త ఖరీదే, కానీ ఈ దారిలో ఎర్తింగ్ ఉన్న గది అదొక్కటే. రాత్రంతా ఏసీలో ఉన్న బాస్‌ని పొద్దున్నే వరండాలోకి తెస్తే తీగల మీద చెమట పట్టింది. మధ్యాహ్నానికి మెడ వంగి, తీగలు ఎత్తుకి లేచాయి. ఆలెన్ కీతో ట్రస్ రాడ్ (మెడ లోపల ఉండి వంపు సరిచేసే ఇనుప కడ్డీ) పావు చుట్టు బిగిస్తే సర్దుకుంది. కీ మర్చిపోయి రావద్దు, రాజోలులో వెతుక్కోవాలి. వాద్యం ఉంటే ఏసీ లేని గదే మేలు, లేదా ఏసీ ఆపేసి పడుకోండి.

చించినాడ వంతెన దాటితే పాలకొల్లు. 1969లో మాండలిన్ శ్రీనివాస్ పుట్టిన ఊరు. జంట తీగలతో ఎనిమిది ఉండే మాండలిన్‌ని ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాద్యంగా మార్చుకున్నాడాయన. జంట తీగల్ని లాగి గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) పలికించడం కష్టం. ఐదో తీగ కింది స్థాయి కోసం. దుకాణంలో ఉన్న వాద్యం సరిపోక తన చేతికి తగ్గట్టు చేయించుకోవడం, అమెరికాలో అయినా పాలకొల్లులో అయినా అదే మొండితనం. క్షీరారామం గోపురం ఎదురుగా ఆటో అతన్ని అడిగితే, "మాండలిన్ గారా? మా ఊరోడేనండీ" అని కిరాయి మాత్రం తగ్గించలేదు.

తిరుగు ప్రయాణానికి నర్సాపురం నుంచి వచ్చే రాత్రి రైలు పాలకొల్లులో ఎక్కొచ్చు. పై బెర్తు తీసుకోండి. బాస్ కింద పెడితే అందరి సూట్‌కేసులూ దానికే తగులుతాయి.