ల్యాబ్ రిపోర్టు తెలుగులో చదవాలంటే: గూగుల్ లెన్స్, యూట్యూబ్, ఈ-సంజీవని ఆడవాళ్లకు ఎంతవరకు పనికొస్తాయి?

బెజవాడ సూర్యారావుపేటలో అయినా, గుంటూరు కొత్తపేటలో అయినా పొద్దున రక్తం ఇచ్చి వస్తే సాయంత్రానికి రిపోర్టు వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా వచ్చేస్తుంది. అంతా ఇంగ్లిషు. అంకెల పక్కన అక్కడక్కడా ‘హెచ్’ (ఎక్కువ), ‘ఎల్’ (తక్కువ) అని లావు అక్షరాలు. డాక్టరును కలిసేదేమో మర్నాడో, ఆ పైనో. ఈలోపు ఆ కాగితంలో ఏముందో తెలుసుకోవాలనుకోవడం తప్పు కాదు, తెలుసుకోవాలి కూడా. పైసా ఖర్చు లేకుండా ఫోనులో దొరికే మూడు సేవలను ఆ పని మీదే పరిశీలించాం.

ముందు గూగుల్ లెన్స్, అంటే బొమ్మలోని అక్షరాలను చదివి అనువదించే సేవ. అనువాదానికి 5కి 4 మార్కులు, అర్థం చెప్పడానికి 2.

పేజీ మొత్తాన్ని ఒకేసారి లెన్స్‌కి ఇవ్వకండి. అక్షరాలు చిన్నవి, గడులు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి ఒక వరుసలోని పేరు ఇంకో వరుసలోని అంకె మీదికి జరుగుతుంది. పీడీఎఫ్ తెరిచి, కావలసిన నాలుగైదు వరుసలను వేళ్లతో పెద్దవి చేసి స్క్రీన్‌షాట్ తీయండి. మీ పేరు, ఫోన్ నంబరు ఉన్న పై భాగం అందులో పడనివ్వకండి. ఆ బొమ్మను లెన్స్‌లో తెరిచి, అనువాదం నొక్కి, తెలుగు ఎంచుకోవాలి. కాగితాన్నే ఫొటో తీసేటట్టయితే బల్ల మీద సాపుగా పరిచి, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయండి. మడత మీద పడిన దశాంశ బిందువు కనబడకపోతే 11.2 కాస్తా 112 అవుతుంది. అంకెలను ఎప్పుడూ అసలు రిపోర్టులోనే చూడాలి. అనువాదం మాటలకు మాత్రమే.

లెన్స్ చేయలేని పని ఇక్కడే మొదలవుతుంది. హిమోగ్లోబిన్ గర్భం లేని స్త్రీకి డెసిలీటరుకు 12 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనత. గర్భిణికి ఆ గీత 11 దగ్గర ఉంటుంది, నెలలను బట్టి కాస్త మారుతుంది. రిపోర్టులో అచ్చయ్యే హద్దు మామూలు స్త్రీలది కాబట్టి గర్భిణికి 11.4 వచ్చినా పక్కన ‘ఎల్’ పడుతుంది, ఇంట్లో గాభరా మొదలవుతుంది. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్‌దీ ఇదే ఇబ్బంది. మామూలు హద్దు సుమారు 0.4 నుంచి 4 వరకు, గర్భం మొదటి నెలల్లో అంతకంటే తక్కువ. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఆ మాత్ర కొన్ని ల్యాబు యంత్రాల్లో టీఎస్‌హెచ్ ఫలితాన్ని తప్పు చూపిస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందే ఆపాలి, ల్యాబులో ఆ మాట చెప్పాలి.

స్కానింగ్ రిపోర్టు దగ్గర లెన్స్ ఇంకా వెనకబడుతుంది. మాటకు మాట పెడుతుంది గానీ అది రోగమో, మామూలు వర్ణనో చెప్పదు. గర్భసంచి ముందుకు వంగి ఉంది అంటే ఎక్కువమందికి ఉండే తీరే. వెనక్కి వంగి ఉన్నా దాదాపు ఐదుగురిలో ఒకరికి ఉండేదే. నాబోథియన్ సిస్ట్ గర్భాశయ ముఖద్వారం దగ్గర వచ్చే హానిలేని చిన్న బుడగ. అండాశయంలో ఫాలికిల్స్ (అండం పెరిగే చిన్న సంచులు) కనిపించాయని రాసినంత మాత్రాన పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య అయిపోదు. నెలసరి తేడా, మగ హార్మోన్లు ఎక్కువ కావడం, స్కానింగ్‌లో కనిపించే తీరు, ఈ మూడింటిలో రెండు ఉండి, వేరే కారణాలు లేవని తేలాలి. రజస్వల అయి ఎనిమిదేళ్లు నిండని అమ్మాయిల్లో అయితే స్కానింగును ఆధారంగా తీసుకోవద్దన్నది అంతర్జాతీయ మార్గదర్శకాల మాట. గర్భసంచి లోపలి పొర మందం నెలసరి రోజులను బట్టి మారుతుంది, అందుకే స్కానింగు రోజున చివరి నెలసరి తేదీ రాసి దగ్గర పెట్టుకోవాలి. నెలసరి పూర్తిగా ఆగిపోయాక రక్తం కనిపిస్తే మాత్రం, ఆ పొర 4 మిల్లీమీటర్లు దాటితే మరీనూ, వెదుకులాట ఆపి డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 8.7 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తం మీద అది 3.3 శాతం. ‘గర్భసంచి వాచింది, గడ్డ ఉంది’ అన్న ఒక్క వాక్యం చూసి ఆపరేషనుకు ఒప్పేసుకోకుండా గడ్డ ఎన్ని సెంటీమీటర్లు, ఎక్కడ ఉంది, మందులతో రక్తస్రావం తగ్గదా, తీసేస్తే అండాశయాలు ఉంచుతారా అని అడగగలగాలి. రిపోర్టును సరిగ్గా చదువుకుని వెళ్తేనే ఆ ప్రశ్నలు నోట్లోకి వస్తాయి.

యూట్యూబ్‌కి 5కి 2. మంచి గైనకాలజిస్టులు తెలుగులో చక్కగా చెప్పే వీడియోలు ఉన్నాయి, వాటిని వెతికి పట్టుకోవడమే కష్టం. మైకులో చెప్పి వెతికేటప్పుడు కీబోర్డు భాష తెలుగులో ఉందో లేదో చూసుకోండి. ఇంగ్లిషులో ఉంటే మన మాటలు వంకరటింకరగా పడతాయి. పదిమంది ఉన్న ఇంట్లో పైకి చెప్పలేని ప్రశ్నైతే ఇంగ్లిషు అక్షరాలు నొక్కితే తెలుగులో పడే లిప్యంతర కీబోర్డులో టైపు చేయొచ్చు. ఫోను ఇంట్లో అందరిదీ అయితే ప్రొఫైల్ బొమ్మ నొక్కి ఇన్‌కాగ్నిటో పెట్టుకోండి, లేకపోతే అవే వీడియోలు పిల్లలకీ వస్తాయి. ‘థైరాయిడ్’ అని ఒక్క మాట వేస్తే చిట్కాలే వచ్చిపడతాయి. వయసు, లక్షణం, ‘గైనకాలజిస్టు’ అన్న మాట కలిపి వేయండి. వీడియో కింద డాక్టరు గుర్తింపు గురించిన గడి ఉందా, ఎప్పుడు పెట్టారు అన్నది చూడాలి. చివర్లో పొడి అమ్మి వాట్సాప్ నంబరిచ్చేవాళ్ల మాట నమ్మొద్దు. థైరాయిడ్ మాత్ర మానేయమనేవాళ్ల మాట అసలే వద్దు. ఆ మాత్ర పరగడుపున, టిఫినుకు అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

బీట్‌రూట్ రసంతో రక్తం పట్టేస్తుందనే వీడియోలకు లెక్క లేదు. 100 గ్రాముల బీట్‌రూట్‌లో 1 మిల్లీగ్రాము ఇనుము కూడా ఉండదు. గర్భిణులకు ప్రభుత్వం నాలుగో నెల నుంచి రోజూ ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాములు ఉంటుంది, దాన్ని కనీసం 180 రోజులు వాడాలి. వేసుకున్నాక గంటసేపు కాఫీ, టీ తాగొద్దు. విరేచనం నల్లగా రావడం మామూలే. బీట్‌రూట్ తినండి, మాత్ర మానకండి.

ఈ-సంజీవనికి 4. కేంద్ర ప్రభుత్వ ఉచిత వీడియో వైద్యసేవ ఇది. 2019 నవంబరులో ఆరోగ్య కేంద్రాల ద్వారా దీన్ని మొదట మొదలుపెట్టిన రాష్ట్రం మనదే. యాప్‌లో ఫోన్ నంబరు ఇచ్చి, ఓటీపీ వేసి, వివరాలు నింపి, రిపోర్టు జతచేసి టోకెన్ తీసుకోవాలి. వంతు వచ్చాక డాక్టరు వీడియోలో మాట్లాడి మందుల చీటీ పంపుతారు. ఫోను వాడటంలో చేయి తిరగనివాళ్లు ఊళ్లోని ఆరోగ్య కేంద్రానికి వెళ్తే అక్కడి సిబ్బందే కలుపుతారు, మాకు తెలిసి పెద్దవాళ్లకు ఈ దారే సుఖం. చెప్పాల్సినవి మూడు ముక్కల్లో రాసుకోండి: ఎన్నాళ్ల నుంచి, చివరి నెలసరి ఎప్పుడు, ఇప్పుడు వాడుతున్న మందులు. రొమ్ములో గడ్డలాంటివి చేత్తో తడిమి చూడాల్సిన జబ్బులు, వాటికి ఈ సేవ చాలదు. మంగళగిరి ఎయిమ్స్‌కో, గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రికో (జీజీహెచ్) వెళ్లాలి. వరుసగా రెండు గంటలు గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, గర్భిణికి తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా, కడుపులో బిడ్డ కదలిక తగ్గినా ఫోనులో ఏదీ వెతకొద్దు, ఆసుపత్రికి బయల్దేరాలి. బండి లేకపోతే 108.