అమీర్‌పేట కోచింగా, ఎన్‌పీటీఈఎల్లా?

జావా (ఒక ప్రోగ్రామింగ్ భాష) నేర్చుకోడానికి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లుండే అమీర్‌పేట వెళ్ళాలా, ఇంట్లో కూర్చుని ఎన్‌పీటీఈఎల్ చూస్తే సరిపోతుందా అని జూనియర్లు అడుగుతూనే ఉంటారు. ఎన్‌పీటీఈఎల్ అంటే ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ పాఠాల ప్రాజెక్టు, వీడియోలన్నీ ఫ్రీ, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి, హాష్‌మ్యాప్ (ఒక కీ ఇస్తే దానికి సంబంధించిన విలువ వెతికిచ్చే జావా పట్టిక) లాంటివి లోపల ఎలా పనిచేస్తాయో బేసిక్స్ నుంచి చెప్తారు, ఆ లోతు అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కలుండే కోచింగ్ సెంటర్లలో దొరకడం కష్టం.

అక్కడ దొరికేది వేరే. స్ప్రింగ్ బూట్ (జావాతో వెబ్ అప్లికేషన్లు కట్టే ఫ్రేమ్‌వర్క్), ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) అన్నీ ఒకేచోట, డౌట్ వస్తే సార్‌ని అక్కడే పట్టుకోవచ్చు. కానీ సార్ టైప్ చేసిందే మనమూ టైప్ చేస్తే ఏం లాభం చెప్పండి, నల్ పాయింటర్ ఎక్సెప్షన్ (ఖాళీగా ఉన్న వేరియబుల్‌ని వాడితే వచ్చే ఎర్రర్) వస్తే స్టాక్ ట్రేస్‌లో, అంటే ఎర్రర్ ఏ లైన్ల మీదుగా వచ్చిందో చూపే జాబితాలో, మన క్లాస్ పేరున్న లైన్ ఏదో వెతికి పట్టుకోవడం, ఇద్దరు ఒకే ఫైల్ మార్చి గిట్‌లో (కోడ్ మార్పుల్ని దాచిపెట్టి కలిపే టూల్) కాన్‌ఫ్లిక్ట్ వస్తే, అంటే ఎవరి మార్పు ఉంచాలో అది తేల్చుకోలేకపోతే, అది ఫైల్లో పెట్టే బాణం గుర్తుల మధ్య ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చుకోవడం, ఉద్యోగంలో చేరగానే కావాల్సినవి ఇవే. ఇవి నేర్పిస్తారా అని డెమో క్లాసులోనే అడగండి, లేదంటే ఫీజు కట్టొద్దు.

సెకండియర్, థర్డియర్ వాళ్ళు ఎన్‌పీటీఈఎల్ పట్టుకోండి, టైముంది. చదువైపోయి వెంటనే జాబ్ కావాల్సినవాళ్ళకి, ఒక్కళ్ళే కూర్చుని చదవలేనివాళ్ళకి అమీర్‌పేటే మేలు.