ప్రోటాన్ రేడియేషన్: మా ఇంటామెకు 37 సిట్టింగులు అయినంక రాస్తున్నది

నేను దేవరకొండ దగ్గర ఒక సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌ని. పోయిన ఏడాది మా ఇంటామెకు ప్రోటాన్ చికిత్స (గడ్డలకు ఇచ్చే ఒక రకం రేడియేషన్) అవసరమైనప్పుడు, చేయించుకున్నవాళ్ళు ఎవరైనా తెలుగులో రాసి ఉంటారేమోనని నైట్ డ్యూటీలో ఫోన్ పట్టుకుని చాలా వెతికాను. ఆస్పత్రుల ప్రకటనలు తప్ప ఏమీ దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నా. మేము వెళ్ళిన ఆస్పత్రి పేరు చెప్పను, రాష్ట్రం దాటి వెళ్ళామని మాత్రం చెప్తాను. చికిత్స ఎలా ఉంటుందో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో దాచకుండా రాస్తాను.

ఆమెకు మొదట అన్నీ రెండుగా కనబడటం మొదలైంది. ఎదురుగా వచ్చే ఆటో రెండు ఆటోలయ్యేది. నల్గొండలో కంటి డాక్టర్‌కు చూపించి అద్దాలు మార్చాం, తగ్గలేదు. ఎంఆర్ఐ తీస్తే తలకాయ అడుగున, ముక్కు వెనక ఉండే ఎముకలో గడ్డ ఉందని తేలింది. కార్డోమా అనే అరుదైన రకం క్యాన్సర్ గడ్డ అన్నారు. హైదరాబాద్‌లో ముక్కులోంచే ఆపరేషన్ చేసి తీయగలిగినంత తీశారు. మెదడు కాండానికి (మెదడును వెన్నుపాముతో కలిపే భాగం) ఆనుకుని ఉన్న కొంచెం మిగిలిపోయింది. ఈ గడ్డ మామూలు డోసుకు లొంగదు, చాలా ఎక్కువ ఇవ్వాలి. పక్కనే కంటి నరాలు, వెనకనే మెదడు కాండం. వాటి మీద అంత డోసు పడితే చూపు పోవచ్చు, కాళ్ళుచేతులు పడిపోవచ్చు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఎక్స్‌రేతో ఇచ్చే రేడియేషన్ ఒంట్లోకి దూరి, గడ్డను దాటి, అవతలి వైపు నుంచి బయటికి పోతుంది. దారి పొడుగునా ఎంతో కొంత దెబ్బ తగులుతూనే ఉంటుంది. ప్రోటాన్ అంటే పరమాణువు లోపలుండే చిన్న కణం, అది అట్లా పోదు. కొంత లోతుకు వెళ్ళి ఆగుతుంది, ఆగే ముందే తన బలంలో ఎక్కువ భాగం వదిలేస్తుంది. ఆ చోటు దాటాక దాదాపు ఏమీ ఉండదు. ఎంత లోతులో ఆగాలన్నది దానికిచ్చే వేగాన్ని బట్టి ఉంటుంది. మా సబ్‌స్టేషన్‌కు వచ్చే లైను 33 వేల ఓల్టులది. అక్కడ ప్రోటాన్‌కు 23 కోట్ల ఓల్టులకు సమానమైన శక్తి దాకా ఇవ్వగలరు. అంత శక్తితో వదిలితే నీళ్ళలో ముప్పై సెంటీమీటర్ల పైన పోతుందట. తలలో గడ్డకు అంత అక్కర్లేదు కాబట్టి తగ్గించి, పొర తర్వాత పొరగా సన్నటి కిరణంతో పూసుకుంటూ వస్తారు. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. రాబర్ట్ విల్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1946లోనే రాశాడు, 1954లో బర్క్‌లీలో మొదటి రోగికి ఇచ్చారు. మన దేశానికి వచ్చేసరికి 2019 అయింది, అదీ చెన్నైలో. తర్వాత నవీ ముంబై ఖార్ఘర్‌లో టాటా క్యాన్సర్ ఆస్పత్రి వాళ్ళది మొదలైంది. జపాన్‌లోని చిబాలో 1994 నుంచి ఇంకా బరువైన, కార్బన్ అయాన్లు అనే కణాలతో కూడా చేస్తున్నారు. మేము వెళ్ళినప్పుడు ఆ కార్బన్ చికిత్స మన దేశంలో లేదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. హైదరాబాద్‌లో ఒక ఏజెంట్ మాతో "ఏ క్యాన్సర్‌కైనా, ఒళ్ళంతా పాకినా ప్రోటాన్ పెడితే పోతది" అన్నాడు. ఆ మాట నమ్మి మా పక్క తండా అతను తండ్రి కోసం ట్రాక్టర్ అమ్మబోయాడు. ఆ పెద్దమనిషికి రోగం అప్పటికే ఎముకలన్నిటికీ పాకింది. ప్రోటాన్ ఒక చోట ఉన్న గడ్డకు చేసే వైద్యం. చిన్నపిల్లల గడ్డలకు, తల అడుగున, వెన్నుపూస దగ్గర ఉన్నవాటికి దీని వల్ల ఎక్కువ మేలు. చాలా క్యాన్సర్లకు మామూలు రేడియేషన్ సరిపోతుందని మాకు ప్రోటాన్ రాసిన డాక్టరే చెప్పాడు. మీకు అవసరమా కాదా అన్నది కనీసం ఇద్దరు రేడియేషన్ డాక్టర్లను అడగండి, ఏజెంటును అడగొద్దు.

ఇక చికిత్స. మొదటి రోజు మాస్కు చేస్తారు. వేడినీళ్ళ తొట్టిలోంచి మెత్తబడ్డ ప్లాస్టిక్ జాలీ తీసి ముఖం మీద పరిచి, చుట్టూ నొక్కి పడతారు. పది నిమిషాల్లో చల్లారి గట్టిపడి ముఖం అచ్చు వస్తుంది. ఆ మాస్కునే రోజూ బల్లకు బిగిస్తారు, తల ఇసుమంత కూడా కదలకుండా. అంతకు ముందే ముక్కుపుల్ల తీయమన్నారు. లోహం ఉంటే స్కాన్‌లో గీతలు వస్తాయి, కిరణం ఎంత లోతుకు పోతుందో లెక్క తప్పుతుంది. మా ఇంటామె పెళ్ళయినప్పటి నుంచి దాన్ని తీయలేదు. మర బిగుసుకుపోయింది. లాడ్జి బాత్రూమ్‌లో సబ్బు నురగ పెట్టి అరగంట తిప్పితే ఊడింది. చేతిలోకి వచ్చాక కొంగు చివర ముడేసుకుని, "గిది మల్ల పెట్టుకునే రోజు వస్తదా?" అన్నది. నేనేమీ అనలేకపోయాను.

తర్వాత పది రోజులు ఎదురుచూపు. ఊరికే కూర్చోబెట్టారని మొదట కోపమొచ్చింది. ఆ పది రోజుల్లో ఏం చేస్తారో అక్కడి ఫిజిక్స్ అతను ఓపిగ్గా చెప్పాడు. ఈ సెంటర్లలో డాక్టర్‌తో పాటు మెడికల్ ఫిజిసిస్ట్ ఉంటాడు, మీరు తప్పకుండా ఆయనతో ఒకసారి మాట్లాడండి. ప్లాన్ తయారయ్యాక దాన్ని ముందు మనిషి లేకుండానే మెషీన్‌లో నడిపిస్తారు. బల్ల మీద కొలిచే పరికరం పెట్టి, కంప్యూటర్ లెక్క కట్టిన డోసు, నిజంగా పడిన డోసు ఒకటేనా అని సరిచూస్తారు. తేడా వస్తే మనిషిని పడుకోబెట్టరు. రోజూ పొద్దున మొదటి పేషెంట్ రాకముందే మెషీన్‌కు వేరే పరీక్షలుంటాయి.

రోజువారీ పని ఇట్లా సాగేది. ఆమె లోపలికి పోగానే పేరు, పుట్టిన తేదీ ఆమె నోటితోనే చెప్పించుకునేవాళ్ళు. తెర మీది ఫోటోతో పోల్చేవాళ్ళు. 37 రోజులూ అంతే. ఇరవయ్యో రోజుకు ఆమెకు విసుగొచ్చింది, "రోజూ చూస్తనే ఉన్నరు గదా సిస్టర్, నన్ను గుర్తుపడ్తలేరా?" అంటే, తెలుగు వచ్చిన ఆ అమ్మాయి, "గుర్తుపట్టినా అడుగుతా అక్కా" అన్నది. నాకు ఆ జవాబు చాలా నచ్చింది. మా వృత్తిలో స్తంభం ఎక్కేముందు ఎల్‌సీ, అంటే ఆ లైనుకు కరెంటు ఆపామన్న హామీ, తీసుకుంటాం. ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి కరెంటు పోయే లైను) పేరు నోటితో చెప్పాలి, అవతలివాడు తిరిగి చెప్పాలి, రిజిస్టర్‌లో రాయాలి. ఇరవై ఏళ్ళ స్నేహితుడైనా సరే. ఒక ఫీడర్‌కు ఎల్‌సీ తీసుకుని పక్క ఫీడర్ ఎక్కితే ఏమవుతుందో మాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

తర్వాత రెండు వైపుల నుంచి ఎక్స్‌రే తీసి, మొదటి రోజు స్కాన్‌తో పోల్చి, బల్లను మిల్లీమీటర్ల లెక్కన జరుపుతారు. అందరూ బయటికొచ్చి తలుపు మూసుకున్నాకే కిరణం వస్తుంది. తలుపు తెరిస్తే దానంతట అదే ఆగిపోతుంది. లోపల కెమెరా, మైకు ఉంటాయి, చేతిలో బెల్లు ఇస్తారు. కిరణం పడేది రెండు మూడు నిమిషాలే, మిగతా అరగంటంతా సరిచూసుకోవడానికే. నొప్పి లేదు. బయటికి వచ్చినప్పుడు ముఖమంతా జాలీ గడులు అచ్చుపడి ఉండేవి, టీ తాగేలోపు పోయేవి.

నాలుగో వారంలో ఆమెకు జలుబు చేసింది. నేనైతే ఒక గోలీ వేసి పంపేవాణ్ణి. పేరు అడిగే ఆ అమ్మాయి గొంతు మారిందని గమనించి, ఎన్ని రోజులైందని అడిగి, డాక్టర్‌కు ఫోన్ చేసింది. ఆ రోజు కిరణం ఇవ్వలేదు. మళ్ళీ సీటీ తీశారు. ఆపరేషన్ అయిన చోట, ముక్కు వెనక ఖాళీలో చీమిడి నిండిపోయి ఉంది. ప్లాన్ వేసినప్పుడు అక్కడ గాలి ఉంది. గాలిని దాటడం ప్రోటాన్‌కు లెక్కే కాదు. అదే చోట నీరు నిండితే ముందే ఆగిపోతుంది. అంటే గడ్డకు చేరాల్సింది గడ్డకు చేరదు. మొదట గాలి లేక తర్వాత ఖాళీ అయితే తిరగబడుతుంది, గడ్డను దాటి మెదడు కాండం దాకా పోవచ్చు. ఆ రెండు బొమ్మలు తెర మీద పక్కపక్కన పెట్టి ఫిజిక్స్ అతను చూపించినప్పుడు నాకు చెమటలు పట్టాయి. ఆగే చోటు తెలియడమే దీని బలం, ఆ చోటు జరిగితే అదే ప్రమాదం. రెండు రోజులు ఆపి, కొత్త ప్లాన్ వేసి, మళ్ళీ మనిషి లేకుండా కొలిచి, అప్పుడు మొదలుపెట్టారు. కాబట్టి మీరు చేరేముందు మొదట అడగాల్సిన ప్రశ్న: మధ్యలో స్కాన్ మళ్ళీ తీస్తారా, ప్లాన్ మారిస్తే విడిగా డబ్బు తీసుకుంటారా? జలుబైనా, బరువు తగ్గినా, మాస్కు వదులైనట్టు అనిపించినా దాచొద్దు. మా ఇంటామె మూడు కిలోలు తగ్గింది, ఆ మాట కూడా వాళ్ళకు చెప్పాం.

సైడ్ ఎఫెక్ట్స్ లేవని ఎవరన్నా అంటే నమ్మకండి. చెవుల పైన రెండు వైపులా అరచేయంత మేర వెంట్రుకలు ఊడాయి. కణతల దగ్గర చర్మం నల్లబడింది. ఐదో వారం నుంచి పట్టపగలు నిద్ర, నీరసం. తర్వాతి ఏళ్ళలో హార్మోన్లు తగ్గొచ్చు, వినికిడి తగ్గొచ్చు, అరుదుగా మెదడులో కొంత భాగం దెబ్బతినొచ్చు అని సంతకం పెట్టేముందే చెప్పారు. అట్లా చెప్పినందుకే నాకు వాళ్ళ మీద నమ్మకం కుదిరింది.

ఊళ్ళో భయం ఇంకోటి. మా అమ్మ ఫోన్‌లో, "బిడ్డలను పక్కన పండబెట్టుకోవద్దట గదరా, కరెంటు ఉంటదట" అన్నది. బయట నుంచి పెట్టే ఈ రేడియేషన్ మెషీన్ ఆగాక ఒంట్లో ఇతరులకు హాని చేసేంత మిగలదు. డాక్టర్‌తో ఆ మాట వీడియో కాల్‌లో మా అమ్మకు చెప్పించాను. వేరే గ్లాసు, వేరే పక్క ఏమీ పెట్టలేదు.

నచ్చనివి కూడా ఉన్నాయి. ఖర్చు ఇరవై లక్షలు దాటింది, రోడ్డు పక్క అరెకరం పోయింది. ఇన్సూరెన్స్ కంపెనీ మూడు ఉత్తరాలు రాయించుకుని సగమే ఇచ్చింది. లాడ్జి, తిండి ఖర్చు ఎవరూ ముందు చెప్పరు, దాదాపు రెండు నెలలు ఉండాలి. కిరణం ఒక్కచోట తయారై గదులకు వంతులవారీగా వెళ్తుంది, మా ఫీడర్ల మాదిరే. మన వంతు వచ్చేదాకా కూర్చోవాలి. ఒక రోజు మెషీన్ ఏదో తేడా చూసుకుని ఆగిపోతే సాయంత్రం దాకా ఉన్నాం. పక్కన ఒకాయన కేకలేశాడు. నాకు కోపం రాలేదు. తేడా వచ్చినా బ్రేకర్ ట్రిప్ కాకపోతేనే, అంటే కరెంటు దానంతట అదే ఆగకపోతేనే, నాకు టెన్షన్.

ఇప్పుడు ఆరు నెలలైంది. మొన్నటి ఎంఆర్ఐలో మిగిలిన ముక్క పెరగలేదు. ఇట్లాంటి గడ్డ మాయం కాకపోవచ్చు, పెరగకుండా ఉండటమే చూడాలన్నారు. ఏళ్ళ తరబడి స్కాన్లు ఉంటాయి. రెండుగా కనబడటం చాలావరకు తగ్గింది, మెట్లు దిగేటప్పుడు ఇంకా నా భుజం పట్టుకుంటది. ముక్కుపుల్ల పెట్టుకునే రంధ్రం పూడుకుపోయింది. దేవరకొండలో కంసాలి దగ్గరికి తీసుకెళ్తే, స్కాన్లన్నీ అయినంక కుట్టించుకుంటానని ముక్కుపుల్లను మళ్ళీ కొంగుకే ముడేసుకుంది.