ఫైబ్రాయిడ్‌కు కోత లేని చికిత్స: హైఫు మేలా, ఎంబొలైజేషన్ మేలా?

పోయినేడు నేను గర్భసంచి తీయించుకోకుండానే, అందులోని ఫైబ్రాయిడ్ గడ్డకు ఎంబొలైజేషన్ చికిత్స చేయించుకున్న. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి మహబూబ్‌నగర్‌లో ఏ ఫంక్షన్‌కు పోయినా ఎవరో ఒకరు పక్కకు పిలిచి, "అక్కా, హైఫునా, ఎంబొలైజేషనా, ఏది మంచిదే?" అని అడుగుతున్నారు. నేను ముందు వయసు అడుగుతా, తర్వాత పొట్ట మీద కుట్లున్నాయా అని అడుగుతా.

హైఫులో గడ్డలోకి సూది కూడా గుచ్చరు. అల్ట్రాసౌండ్ తరంగాలను బయటి నుంచే గడ్డ మీదికి గురిపెట్టి, ఆ వేడితో కాలుస్తారు. అమెరికాలో ఎమ్మారై సాయంతో చేసే పద్ధతికి 2004లోనే అనుమతి వచ్చింది. చాలామంది అదే రోజు ఇంటికి పోతారు. చిక్కల్లా తరంగం పోయే దారితోనే. మధ్యలో పేగు అడ్డమొచ్చినా, పాత సిజేరియన్ మచ్చ ఉన్నా కాలిన గాయమయ్యే ప్రమాదం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో కాన్పుల్లో 60 శాతం సిజేరియన్లే. నావి రెండూ అవే. మచ్చ ఉన్నంత మాత్రాన అందరికీ వద్దనరు గానీ, నా ఎమ్మారై చూసి వద్దన్నారు. గడ్డలు చాలా ఉన్నా హైఫుతో కష్టమే.

ఎంబొలైజేషన్‌లో గజ్జ నుంచో మణికట్టు నుంచో సన్నటి గొట్టం పంపి, గడ్డకు రక్తం పోయే నాళాల్లో ఇసుక రేణువుల్లాంటి పూసలు వదులుతారు. రక్తం అందక గడ్డ ఎండుకుపోతుంది. గడ్డలు నాలుగైదున్నా ఒకేసారి పనైపోతుంది. కాకపోతే నొప్పి! చేసేటప్పుడు ఏమీ తెలియలేదు. ఆ రాత్రి మాత్రం, కుడికాలు మడవొద్దని పడుకోబెట్టినప్పుడు, పురిటినొప్పులు యాదికొచ్చినయ్. నాలుగు రోజులు ఒళ్లు వెచ్చబడింది, అన్నం సయించలేదు. అరుదుగా ఇన్‌ఫెక్షన్ ముదిరి గర్భసంచే తీయాల్సి రావచ్చు. 45 దాటినవాళ్లకు ముట్టు ముందే ఆగిపోవచ్చు కూడా. 46 ఏళ్ల నాకు అదేం పెద్ద నష్టంలా అనిపించలేదు.

అందుకే ముందు వయసు అడిగేది. ముట్టు ఆగాక గడ్డలు మామూలుగా వాటంతటవే కుంచించుకుపోతాయి. నా వయసులో చికిత్స నాలుగైదేళ్లు నిలబడితే చాలు. 30 ఏళ్ల పిల్లకు ఇరవై ఏళ్లు నిలబడాలి, ఈ రెండింటిలో దేనితోనైనా మళ్లీ చేయించుకోవాల్సిన అవసరం రావచ్చు. పిల్లలు కావాలనుకుంటే గడ్డ వరకే తీసే ఆపరేషన్ గురించి ముందు అడగమంటాను. రేడియో తరంగాల సూదితో కాల్చే పద్ధతీ ఉంది, అది అన్నిచోట్లా దొరకదు.

ఇంకో మాట. రెండింట్లోనూ గడ్డ లోపలే ఉంటుంది, ల్యాబ్‌కు పంపడానికి ముక్క ఉండదు. ముట్టు ఆగాక కూడా గడ్డ పెరుగుతుంటే అది క్యాన్సరేమో తేల్చుకోకుండా వీటి జోలికి పోవద్దు.

మా ఊళ్లో మొదట చూపించుకున్నచోట రిపోర్టు చూసి రెండు నిమిషాల్లో "గర్భసంచి తీసేద్దాం" అన్నారు. తీసేస్తే గడ్డ మళ్లీ రాదు, నిజమే. కొందరికి అదే దారి. కానీ అదే సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3 శాతమైతే తెలంగాణలో 8 శాతం. వాళ్లలో ఎంతమందికి మిగతా దారులు చెప్పి ఉంటారు?

ఆరు నెలల స్కానింగ్‌లో నా గడ్డ 7 సెంటీమీటర్ల నుంచి 4.5కు దిగింది. "ఇంకా ఉందా?" అంటుంది మా అత్తమ్మ. ఉంది. కానీ ముట్టు రోజుల్లో చీర మీద శాలువా కప్పుకొని బస్సెక్కే పని తప్పింది.