రోమన్ గార పరీక్ష సేవ: థిన్ సెక్షన్ భేష్, యాసిడ్ లెక్క నమ్మొద్దు

ప్రాచీన రోమన్ కట్టడాల గారలో ఏముందో తేల్చి, మరమ్మతుకు ఎలాంటి మిశ్రమం పనికొస్తుందో చెప్పే ల్యాబ్ సేవ ఇది. ప్యాకేజీలో నాలుగు పరీక్షలున్నాయి. వాటిలో థిన్ సెక్షన్ (గారను పలచని పొరగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూడటం) ఒక్కటి చాలు, డబ్బు గిట్టుబాటవుతుంది.

గార ముక్కకు నీలం రంగు కలిపిన ఎపాక్సీ పట్టించి, 30 మైక్రాన్ల మందానికి అరగదీశారు. దాంతో రంధ్రాలూ పగుళ్లూ నీలంగా విడిగా కనబడతాయి. తెల్లటి సున్నపు ముద్దల మీద నివేదిక శ్రద్ధ పెట్టింది. నడుమ కాలని సున్నపురాయి మిగిలితే అది బట్టీలో వేడి చాలకపోవడం. ముద్దలన్నిటినీ సరిగా కలపకపోవడం కిందే కట్టేసే రోజులు పోయాయి: ఇటలీలోని ప్రాచీన పట్టణం ప్రివెర్నమ్ గోడ గారపై 2023లో వచ్చిన పరిశోధన, చల్లార్చని సున్నాన్ని నేరుగా వేసి వేడిగా కలపడం వల్లే ఆ ముద్దలు మిగిలాయని వాదించింది. ఈ తేడా పట్టుకోగల కన్ను ఇక్కడుంది.

ఎక్స్‌ఆర్‌డీకి (ఎక్స్-కిరణాలతో స్ఫటికాలను గుర్తించే పరీక్ష) నమూనాను 40 డిగ్రీల్లోనే ఆరబెట్టారు, మంచి పని. 105 డిగ్రీలైతే జిప్సం నీరు కోల్పోయి మారిపోతుంది. రోమ్ నగరంలోని ట్రాజన్ మార్కెట్ల గారలో దొరికిన స్ట్రాట్లింగైట్ లాంటి స్ఫటికాలు ఇందులో బయటపడతాయి. గారకు అసలు బలాన్నిచ్చే, స్ఫటికం కాని జెల్‌కు మాత్రం పరీక్ష గ్రాఫులో పదునైన శిఖరాలు రావు. నివేదికలోని శాతాలు స్ఫటికాలవే, మొత్తం గారవి కావు. ఆ మాట ఎక్కడా రాయలేదు. టీజీఏ (వేడి చేస్తూ బరువు తగ్గుదలను కొలిచే పరీక్ష) ఫర్వాలేదు.

యాసిడ్ పరీక్షతోనే చిక్కు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగిందంతా సున్నం, మిగిలిందంతా ఇసుక అని లెక్కేశారు. పాలరాతి పొడి, సున్నపురాయి ముక్కలు కలిసిన గారైతే అవీ కరిగి సున్నం వాటా పెరిగిపోతుంది. పొజోలానా (అగ్నిపర్వత బూడిద) సున్నంతో కలిసి ఏర్పడిన జెల్ కూడా కొంత కరుగుతుంది. పైగా వచ్చింది బరువు నిష్పత్తి. దాన్ని ప్రాచీన రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ చెప్పిన ఘనపరిమాణపు పాళ్ల పక్కన (సున్నం:ఇసుక, గని ఇసుకకు 1:3, నది ఇసుకకు 1:2) అలాగే పెట్టేశారు. సున్నం పొడి ఇసుక కంటే చాలా తేలిక, సాంద్రతతో మార్చకుండా పోలిస్తే తప్పే. థిన్ సెక్షన్ మీద పాయింట్ కౌంటింగ్ (సమాన దూరాల్లోని బిందువుల కింద ఏముందో లెక్కించడం) అడగండి, ఘనపరిమాణం లెక్క నేరుగా వస్తుంది.

నమూనా తీసే సూచనలు బొత్తిగా చాలవు. పొడి పంపొద్దు, బొటనవేలంత ముక్క విరగకుండా ఉండాలి, మొత్తం 50 గ్రాములు పంపితే మేలు. పైన రెండు సెంటీమీటర్ల పొర వదిలేసి లోపలి నుంచి తీయండి, నీళ్లు తగలనివ్వొద్దు. పాత మరమ్మతు సిమెంటు కలిసిందన్న అనుమానముంటే ముందే రాసి పంపండి. హైడ్రేట్ కాని (నీటితో చర్య జరగని) సిమెంటు క్లింకర్ రేణువులను సూక్ష్మదర్శినిలో వెతికి చెబుతారు.