ఆయిల్ సీల్ కూర్చునే షాఫ్ట్‌కు ఏది మేలు: గ్రైండింగా, హార్డ్ టర్నింగా?

డ్రాయింగ్‌లో ఆర్ఏ (ఉపరితలం గరుకుదనాన్ని చెప్పే అంకె) 0.4 మైక్రాన్లు అని ఉంటే, గట్టిపరచిన షాఫ్ట్‌ను సీబీఎన్ (క్యూబిక్ బోరాన్ నైట్రైడ్) ఇన్సర్ట్‌తో, అంటే మార్చుకునే కోత ముక్కతో, లేత్ మీద తీసినా (ఇదే హార్డ్ టర్నింగ్) ఆ అంకె వస్తుంది, గ్రైండింగ్‌లోనూ వస్తుంది. రెండూ ఇన్‌స్పెక్షన్ దాటతాయి. తర్వాత ఆయిల్ కారేది మాత్రం చాలాసార్లు లేత్ మీద తీసిన దానికే.

టర్నింగ్‌లో టూల్ ఒక్కో చుట్టుకు కొంచెం జరుగుతుంది కాబట్టి షాఫ్ట్ మీద సన్నని మర మిగులుతుంది. ఆ జరుగుడును (ఫీడ్) వర్గం చేసి, టూల్ మొన గుండ్రదనం వ్యాసార్థానికి (నోస్ రేడియస్) 8 రెట్లతో భాగిస్తే దాని లోతు తెలుస్తుంది. 0.1 మి.మీ. ఫీడ్, 0.8 మి.మీ. రేడియస్ అయితే 1.56 మైక్రాన్లు, ఆర్ఏ అందులో దాదాపు నాలుగో వంతు. ఆర్ఏ ఎత్తుపల్లాల సగటే చెబుతుంది, గీత ఎటు వాలిందో చెప్పదు. ఆ మరే ఆయిల్‌ను పంపులా ఒక పక్కకు తోస్తుంది. షాఫ్ట్ రెండు దిశల్లోనూ తిరిగేదైతే ఒక దిశలో తోపు బయటికే.

అందుకే సీల్ చోటుకు ప్లంజ్ గ్రైండింగే సరైనది: వీల్ పక్కకు జరగదు, నేరుగా లోపలికి దిగుతుంది. చివర ఫీడ్ ఆపి, నిప్పురవ్వలు ఆగేదాకా తిరగనివ్వాలి. అయితే డ్రెస్సింగ్‌లో, అంటే వీల్ ముఖాన్ని డైమండ్‌తో చెక్కి సరిచేసేటప్పుడు, డైమండ్‌ను వేగంగా లాగితే వీల్ మీదే మర పడి, షాఫ్ట్‌కు అచ్చు దిగుతుంది. వీల్, షాఫ్ట్ ఆర్‌పీఎంల నిష్పత్తి పూర్ణసంఖ్య కాకూడదు.

అనుమానం ఉంటే దారం పరీక్ష చేయండి. షాఫ్ట్‌ను లెవెల్‌లో పెట్టి, పలచగా సిలికోన్ ఆయిల్ రాసి, సుమారు 30 గ్రాముల బరువు కట్టిన దారం వేలాడదీసి 60 ఆర్‌పీఎంలో తిప్పాలి. దిశ మార్చినప్పుడు దారం కూడా ఎదురు పక్కకు నడిస్తే మర ఉన్నట్టే. రెండుసార్లూ ఒకే పక్కకు పోతే లెవెల్ తప్పింది, లేదా షాఫ్ట్‌కు టేపర్ (ఒక చివరికి సన్నబడటం) ఉంది.

మరీ నునుపూ పనికిరాదు. ఆర్ఏ 0.2 కంటే తగ్గితే లిప్ (షాఫ్ట్‌ను తాకే సీల్ అంచు) కింద ఆయిల్ నిలవదు. లిప్ వేడెక్కి, గట్టిపడి పగులుతుంది. 0.8 దాటితే త్వరగా అరుగుతుంది.

బేరింగ్ సీట్ల దగ్గర లెక్క వేరు. అక్కడ హార్డ్ టర్నింగే నయం: ఒకే పట్టులో డయామీటర్లన్నీ, ఫేసులూ అయిపోతాయి, కేంద్రం చెదరదు. ఇన్సర్ట్ అరుగుదలను మాత్రం కనిపెట్టి ఉండాలి. అరిగిన అంచు వేడికి షాఫ్ట్ పైన పెళుసైన తెల్లపొర ఏర్పడుతుంది. రెండు పనులూ ఒకే షాఫ్ట్ మీద ఉంటే అన్నీ టర్నింగ్‌లోనే ముగించి, సీల్ చోట మాత్రం గ్రైండింగ్‌కు కొద్దిగా మెటల్ వదలాలి. డ్రాయింగ్‌లో ఆర్ఏ పక్కనే ‘మర గీత ఉండరాదు’ అనీ రాయాలి.